పాత లాప్‌టాప్‌లో నడిచే, ఎవరూ పెద్దగా చెప్పని గేమ్స్ ఏమున్నాయి?

నయీంనగర్ రూమ్మేట్:

అందరికీ నమస్తే. హన్మకొండ నయీంనగర్‌లో రూమ్ తీసుకుని చదువుకుంటున్నా. నా దగ్గరున్నది మా అక్క వాడి ఇచ్చిన లాప్‌టాప్. ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు లేదు. బ్రౌజర్‌లో నాలుగు ట్యాబ్‌లు తెరిస్తే చాలు, ఫ్యాన్ మొత్తుకుంటుంది. రూమ్‌లో వైఫై ఉందంటే ఉంది, అంతే. అందరూ పడుకున్నాక కొంచెం కదులుతుంది.

ఫోన్ గేమ్స్ మీద విసుగొచ్చేసింది. కాసేపు ఆడితే మూడు యాడ్‌లు, గెలవాలంటే టాప్‌అప్. మా రూమ్‌లో ఒకడు తుపాకీ రంగు మార్చుకోవడానికి మెస్ డబ్బులు పెట్టాడు. ఆ నెలంతా మా పచ్చడి సీసాల మీదే బతికాడు.

'ఫ్రీ గేమ్స్' అని వెతికితే ఎక్కడ చూసినా అవే పేర్లు. లిస్టులు వద్దు. మీరు కూర్చుని ఆడినవి చెప్పండి. నెట్ లేకపోయినా నడవాలి. పైసా ఖర్చు లేకపోతే మంచిది, మరీ బాగుందంటే మూడు నాలుగు వందల దాకా పెట్టగలను. దసరాకు పరకాల పోతే పిన్ని పిల్లలు వస్తారు. వాళ్లతో కలిసి ఆడేది ఒక్కటైనా ఉండాలి. క్రాక్ లింకులు మాత్రం పెట్టకండి, మళ్లీ విండోస్ వేయించే ఓపిక లేదు.

కాజీపేట లూప్‌లైన్:

తమ్మీ, నీ లాప్‌టాప్‌ను తక్కువ చేసి మాట్లాడకు. నేను చెప్పబోయే గేమ్‌కు అదే ఎక్కువ. పేరు ఓపెన్‌టీటీడీ.

క్రిస్ సాయర్ చేసిన ట్రాన్స్‌పోర్ట్ టైకూన్ డీలక్స్ 1995లో వచ్చింది. దాన్ని విప్పి చూసి, 2004 నుంచి మళ్లీ మొదటి నుంచి రాసుకుంటూ వచ్చిన రూపం ఇది. ఇప్పటికీ వలంటీర్లే నడిపిస్తున్నారు. ఒకప్పుడు పాత గేమ్ సీడీలోని బొమ్మలు ఉంటే తప్ప నడిచేది కాదు. ఇప్పుడు ఓపెన్‌జీఎఫ్‌ఎక్స్ అనే ఉచిత బొమ్మల సెట్ ఉంది. డౌన్‌లోడ్ అంతా కలిపి పదుల ఎంబీల్లో అయిపోతుంది, నీ వైఫై కూడా మోయగలదు.

గేమ్‌లో నువ్వొక రవాణా కంపెనీ ఓనర్‌వి. బొగ్గు గని ఒకచోట, పవర్ స్టేషన్ ఇంకోచోట ఉంటాయి. మధ్యలో పట్టాలు వేసి, బండి కొని, బొగ్గు మోయాలి. దూరం పెరిగితే డబ్బు పెరుగుతుంది, ఆలస్యమైతే తగ్గుతుంది. రామగుండం చుట్టుపక్కల పెరిగినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. మొదటి బండి నష్టం లేకుండా తిరిగితే రెండోది కొంటావు. అసలు గేమ్ అక్కడ మొదలవుతుంది, ఎందుకంటే రెండు బండ్లు ఒకే పట్టా మీదికి వస్తాయి.

మాది రైల్వే ఇల్లు. నాన్న షెడ్‌లో చేసి రిటైరయ్యాడు. నేను గేమ్‌లో మా జంక్షన్‌నే వేస్తున్నా. సికింద్రాబాద్ వైపు లైన్, బల్లార్షా వైపు లైన్, ఈ రెండూ వచ్చి వరంగల్ మీదుగా విజయవాడకు పోయే లైన్. ఢిల్లీ–చెన్నై బండ్లు చాలావరకు కాజీపేట ముఖం చూడకుండా బైపాస్ మీంచి నేరుగా వరంగల్ పోతాయి కదా, ఆ బైపాస్ కూడా పెట్టా. గేమ్‌లో స్టేషన్ల పేర్లు మార్చుకోవచ్చు. అటు పెండ్యాల, ఘన్‌పూర్, జనగామ. ఇటు హసన్‌పర్తి, ఉప్పల్, జమ్మికుంట, పెద్దపల్లి. మా వాడకట్టులో ఏళ్ల తరబడి ఉన్న కోరిక ఒకటి నా మ్యాప్‌లో తీరింది: అక్కడ ప్రతి బండీ కాజీపేటలో ఆగుతుంది.

నాన్నకు కంప్యూటర్ అంటే పడదు. అయినా నేను ఇది తెరిస్తే కుర్చీ జరుపుకుని కూర్చుంటాడు. "గూడ్సు తోక ఇంకా పాయింట్ల మీదనే ఉందిరా, ఎనక బండి ఎట్ల పోతది? ఆ సిగ్నల్ ఇంకింత ముందుకు జరుపు" అంటాడు. పాయింట్లంటే పట్టాలు విడిపోయే చోటు. గేమ్‌లో సిగ్నళ్ల కిటుకంతా ఆ ఒక్క మాటలో ఉంది. పాత్ సిగ్నల్ అని ఒక రకం ఉంటుంది. బండి ముందుకు కదిలే ముందు, తను పోవాల్సిన దారిని మాత్రమే రిజర్వు చేసుకుంటుంది. దారులు ఒకదాన్నొకటి కోసుకోకపోతే రెండు బండ్లు ఒకే జంక్షన్‌లోంచి ఒకేసారి పోగలవు. కానీ జంక్షన్ దాటాక వచ్చే తర్వాతి సిగ్నల్‌కు ముందు మొత్తం బండి పట్టేంత పట్టా వదలాలి. లేకపోతే బండి అక్కడ ఆగినప్పుడు తోక పాయింట్ల మీదే ఉండిపోతుంది, వెనకున్నవన్నీ నిలిచిపోతాయి. ఏ గైడూ చదవకపోయినా ఇదొక్కటి గుర్తుంటే సగం గేమ్ వచ్చినట్టే.

ఇంకో మాట. ఇది జీపీఎల్ లైసెన్సు కింద ఉన్న గేమ్. అంటే పెన్‌డ్రైవ్‌లో వేసి రూమ్‌లో అందరికీ పంచినా తప్పు లేదు, చట్టమే ఒప్పుకుంటుంది. ఇంటర్నెట్ సెంటర్లలో పక్కోడికి తెలియకుండా కాపీ కొట్టుకున్న కాలం చూసిన నాకు ఇది ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

గోదావరిఖని నైట్‌షిఫ్ట్:

లూప్‌లైన్ అన్న రైళ్ల గురించి మొదలుపెడితే ఆపడం కష్టం. నేను యుద్ధం గురించి చెప్తా.

బ్యాటిల్ ఫర్ వెస్‌నాత్. 2003లో డేవిడ్ వైట్ మొదలుపెట్టాడు, ఇదీ ఓపెన్ సోర్సే, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉంటుంది. ఆరు మూలల గళ్ల పటం మీద నీ సైన్యం, ఎదుటివాడి సైన్యం వంతులవారీగా కదులుతాయి. వేగం అక్కర్లేదు, గ్రాఫిక్స్ కార్డు అసలే అక్కర్లేదు. షిఫ్ట్ దిగి వచ్చి, టీ తాగుతూ, ఒక్కో ఎత్తు ఆలోచించుకుంటూ ఆడే గేమ్. డౌన్‌లోడ్ సుమారు అర జీబీ ఉంటుంది, రాత్రికి పెట్టి పడుకో.

ఇందులో నాకు నచ్చింది పగలూ రాత్రి లెక్క. మనుషుల సైన్యంలో ఎక్కువ మంది పగలు 25 శాతం గట్టిగా కొడతారు, రాత్రి అంతే శాతం బలహీనపడతారు. ఓర్క్‌లు అనే రాక్షసజాతి, అస్థిపంజరాల లాంటివాళ్లకు దీనికి తిరగేసి. అందుకే చీకటి పడుతుందంటే వెనక్కి తగ్గి ఊళ్లలో దాక్కోవాలి, తెల్లారాక మీద పడాలి. ఎదురుగా శత్రువు కనబడుతున్నా చేతులు కట్టుకుని రెండు వంతులు ఊరుకోవడం ఎంత కష్టమో ఆడితే తెలుస్తుంది. నిలబడ్డ చోటును బట్టి కూడా దెబ్బ తగిలే ఛాన్స్ మారుతుంది. ఎల్ఫ్‌లు అనే అడవి జాతివాళ్లు అడవిలో ఉంటే ఒక పట్టాన దొరకరు, వాళ్లను బయటికి రప్పించాలి.

ముందే చెప్తున్నా, అదృష్టం విషయంలో ఈ గేమ్ నిన్ను ఏడిపిస్తుంది. మంత్రగాడి దెబ్బకు ఎక్కడైనా 70 శాతం ఛాన్స్. మొదటి లెవెల్ మంత్రగాడు వరసగా మూడుసార్లు కొడతాడు. ఆ మూడూ తప్పిపోవడం వందలో మూడుసార్లు కూడా జరగకూడదు. అయినా సరిగ్గా నీకు కావాల్సిన రోజే జరుగుతుంది. అష్టాచెమ్మాలో ఒక్క చెమ్మా పడితే పండుతాననుకున్నప్పుడు గవ్వలు ఏం చేస్తాయో తెలుసుగా, అదే కడుపుమంట. అందుకే తెలిసినోళ్లు ఒక్క దెబ్బ మీద ఆధారపడరు, వెనక ఇంకో మనిషిని నిలబెట్టుకుంటారు.

కథలో ఒక యుద్ధంలో బతికినవాళ్లను తర్వాతి యుద్ధానికి 20 బంగారు నాణేలిచ్చి పిలిపించుకోవచ్చు. వాళ్లు అనుభవంతో ఎదుగుతారు. ఎదిగినవాడు చచ్చిపోతే మాత్రం చచ్చిపోయినట్టే. నా దగ్గర ఒక ముసలి ఈటెవాడు ఉన్నాడు, వాడిని ముందువరసలో పెట్టాలంటే నాకు చెయ్యి రాదు.

'ఎ టేల్ ఆఫ్ టూ బ్రదర్స్' అనే చిన్న కథతో మొదలుపెట్టు, కొత్తవాళ్లకు అదే తగినది. ఇక పిన్ని పిల్లల సంగతి: ఇందులో ఒకే లాప్‌టాప్ మీద వంతులేసుకుని ఆడే పద్ధతి ఉంది. ఒకరు ఆడుతుంటే మిగతావాళ్లు పక్కకు తిరగాలి, కరెంటు పోతే బ్యాటరీ ఉన్నంతసేపూ గొడవే.

డబ్బా పీసీ:

అన్నలూ, ఒక మాట అంటే కోప్పడొద్దు. ఇవన్నీ చూడ్డానికి మా నాన్న కాలం గేమ్స్‌లా ఉన్నాయి. ఇప్పటి పిల్లలు ఆ బొమ్మలు చూడగానే లేచి పోతారు. ఫ్రీ అంటే ఇంతేనా?

కళ్లకు కూడా బాగుండేది కావాలంటే 0 ఎ.డి. చూడు తమ్ముడూ. పాత కాలపు సామ్రాజ్యాలను పెంచి యుద్ధం చేసే గేమ్, రోము, పర్షియా వగైరా. మౌర్యులు కూడా ఉన్నారు. చంద్రగుప్తుడు, అశోకుడు హీరోలుగా వస్తారు. ఏనుగుల్లో ఒకటి పనికే పుట్టింది, కట్టెలు నరికే చోటికే వచ్చి నిలబడుతుంది, జనం మోసుకుంటూ గోదాముదాకా నడవక్కర్లేదు. మొదటిసారి చూసినప్పుడు భలే అనిపించింది.

కానీ నీ లాప్‌టాప్‌కు ఒక హెచ్చరిక. డౌన్‌లోడ్ ఒక జీబీ దాటుతుంది. ఆట మొదట్లో సాఫీగా పోతుంది, జనాభా పెరిగేకొద్దీ నత్తనడక. వందల మంది ఒకేసారి దారి వెతుక్కోవడం ప్రాసెసర్ మీద పడే భారం, గ్రాఫిక్స్ తగ్గించినా అది తగ్గదు. ఆట పెట్టేటప్పుడే జనాభా పరిమితి 100కు దించు, చిన్న మ్యాప్ తీసుకో, ఎదురుగా ఒక్క కంప్యూటర్ శత్రువునే పెట్టు. అట్లయితే నడుస్తుంది. నాలుగు వైపులా నలుగురిని పెట్టి తర్వాత నన్ను తిట్టొద్దు.

కాజీపేట లూప్‌లైన్:

డబ్బా భాయ్, బొమ్మల గురించి నీతో వాదించను. నీ 0 ఎ.డి.లో నీటి మీద ఎండ పడితే నేనూ నోరు తెరిచి చూశా. కానీ 4 జీబీ వాడికి దాన్ని మొదటి గేమ్‌గా చెప్పడం అన్యాయం. మూడోదో నాలుగోదో అవ్వాలి.

జగిత్యాల టీచరమ్మ:

నేను పిల్లల వైపు నుంచి చెప్తాను. మా బడిలో కంప్యూటర్ గదిలో పనిచేసేవి కొన్నే, అవీ పాతవే. వాటిమీద లువాంటీ నడుస్తోంది. పేరు కొత్తగా అనిపిస్తే, 2024 అక్టోబరు దాకా దీని పేరు మైన్‌టెస్ట్. దిమ్మెలు తవ్వి, దిమ్మెలు పేర్చి కట్టుకునే రకం. 2010లో ఫిన్లాండ్‌కు చెందిన ఒక ప్రోగ్రామర్ మొదలుపెట్టాడు.

ఒకటి గమనించాలి. లువాంటీ ఇన్‌స్టాల్ చేసి తెరవగానే "ఆడటానికి ఏమీ లేదే" అని చాలామంది తీసేస్తారు. అది ఖాళీ గది లాంటిదే. లోపల కంటెంట్ ట్యాబ్‌లోకి వెళ్లి గేమ్ దింపుకోవాలి. మైన్‌క్లోనియా గానీ వాక్సెలిబ్రే గానీ తీసుకోండి. నెట్ ఆ ఒక్కసారే కావాలి.

పిన్ని పిల్లలకు ఇది నప్పుతుంది. లాప్‌టాప్‌లో సర్వర్‌గా తెరిచి, ఫోన్ హాట్‌స్పాట్ పెట్టండి. మిగతావాళ్లు ఆండ్రాయిడ్ ఫోన్లలో లువాంటీ వేసుకుని లాప్‌టాప్ ఐపీ అడ్రస్, పోర్టు 30000 కొడితే లోపలికి వచ్చేస్తారు. డేటా ఖర్చు కాదు, అది ఇంట్లోని నెట్‌వర్కే. అన్నిట్లో ఒకే వెర్షన్ ఉండేలా చూసుకోండి. కలవడం లేదని వచ్చే ఫిర్యాదుల్లో సగం అక్కడివే. మిగతా సగం విండోస్ ఫైర్‌వాల్ అడిగినప్పుడు 'వద్దు' అని నొక్కినవి.

మా ఎనిమిదో తరగతి పిల్లలు వేయి స్తంభాల గుడి కడుతున్నారు. అది త్రికూటాలయం, శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ గర్భగుడులు. కాకతి రుద్రదేవుడు 1163లో కట్టించాడు. నేను పాఠంలో చెప్పినప్పుడు ఎవరి తలా లేవలేదు. కట్టేటప్పుడు మాత్రం "టీచర్, మూడు గుడులు ఏయే దిక్కుకు? మధ్యలో మండపం ఎంత?" అని వాళ్లే పుస్తకం తీశారు. గేమ్‌లో ఉన్న నల్లరాయి నచ్చలేదని ఒక అమ్మాయి పెయింట్‌లో 16×16 పిక్సెళ్ల బొమ్మ గీసుకొచ్చింది. ఆ బొమ్మను, లువా అనే ప్రోగ్రామింగ్ భాషలో నాలుగు లైన్ల కోడ్‌ను ఒక ఫోల్డర్‌లో పెడితే కొత్త దిమ్మె తయారు. ఆ నాలుగు లైన్లలో ఒక కామా మర్చిపోతే ఏమవుతుందో కూడా ఆ రోజే నేర్చుకున్నారు. స్తంభాలు వెయ్యి అయ్యాయా అని అడగకండి, ఇంకా పునాది దగ్గరే కొట్లాడుకుంటున్నారు.

నయీంనగర్ రూమ్మేట్:

అక్కా, హాట్‌స్పాట్ ఐడియా మా పిన్ని కొడుకులకు సరిగ్గా సరిపోతుంది. వాళ్లలో చిన్నోడికి ఏడేళ్లు, వాడికి గుడులు కట్టే ఓపిక ఉండదు. గుద్దుకోవాలి, అరవాలి. అట్లాంటిది ఏదైనా?

ఇంకా, డబ్బు పెట్టి కొనదగ్గ చిన్న గేమ్, ఫోన్‌లో యాడ్‌లు లేని గేమ్ ఒక్కొక్కటి చెప్తే మీ రుణం ఉంచుకోను.

కాజీపేట లూప్‌లైన్:

గుద్దుకోవాలంటే సూపర్‌టక్స్‌కార్ట్. పెంగ్విన్‌తో కార్ రేసు, స్క్రీన్ రెండు ముక్కలై ఇద్దరూ ఒకే లాప్‌టాప్ మీద ఆడొచ్చు. గ్రాఫిక్స్ లెవెల్ కిందికి లాగేయ్. ఇద్దరూ ఒకే కీబోర్డు మీద పడితే ఒకడు నొక్కింది పడట్లేదని గొడవొస్తుంది. గేమ్ తప్పు కాదది, మామూలు కీబోర్డులు ఒకేసారి ఎక్కువ బటన్లు పట్టుకోలేవు. ఒకడికి చవకరకం యూఎస్‌బీ జాయ్‌స్టిక్ ఇవ్వు. ఇద్దరికీ కొనకు, మొదటి రోజు కేబుల్‌తో లాగుకుని తెంచుతారు.

ఫోన్‌కు షాటర్డ్ పిక్సెల్ డంజన్. వాటబౌ అనే డెవలపర్ చేసిన పిక్సెల్ డంజన్ కోడ్ బయటికి ఇస్తే, ఎవాన్ డెబెన్‌హామ్ దాన్ని తీసుకుని 2014 నుంచి పెంచుతున్నాడు. నేలమాళిగలో అంతస్తు అంతస్తు దిగాలి. చస్తే మళ్లీ మొదటి నుంచే, ప్రతిసారీ దారులు వేరు. యాడ్ ఒక్కటి రాదు, నెట్ అడగదు. కాజీపేటలో ఎక్కి సికింద్రాబాద్‌లో దిగేలోపు నేను రెండుసార్లు చస్తాను, మూడోసారికి చర్లపల్లి వస్తుంది. ఒక జాగ్రత్త: కోడ్ అందరికీ అందుబాటులో ఉంటుంది కాబట్టి అదే గేమ్‌ను వేరే పేరుతో యాడ్‌లు కుక్కి పెట్టేవాళ్లు ఉంటారు. డెవలపర్ పేరు చూసి దించు, లేదంటే ఎఫ్-డ్రాయిడ్ అనే ఓపెన్ సోర్స్ యాప్‌ల స్టోర్‌లోంచి తీసుకో.

డబ్బు పెట్టాలంటే మన హైదరాబాద్‌వాళ్లదే అసుర. ఓగర్‌హెడ్ స్టూడియో 2017లో తెచ్చింది. పైనుంచి చూస్తూ నరుక్కుంటూ పోయే గేమ్, కథ మన పురాణాల ఛాయల్లో ఉంటుంది, చచ్చిన ప్రతిసారీ శక్తుల చెట్టు కొత్తగా వస్తుంది. కొన్నిచోట్ల గరుకుగా ఉంది, అంతా నున్నగా ఉంటుందని అనుకోకు. గేమ్స్ అమ్మే స్టీమ్ స్టోర్‌లో సేల్ వచ్చినప్పుడు చూడు, అప్పటిదాకా విష్‌లిస్ట్‌లో పడేసి ఉంచు. కొనేముందు నీ లాప్‌టాప్‌కు పడుతుందో లేదో ఆ పేజీలోనే కింద రాసి ఉంటుంది.

గోదావరిఖని నైట్‌షిఫ్ట్:

షాటర్డ్‌కు నాదీ ఓటు. కాకపోతే డ్యూటీకి పోయే ముందు తెరవకు. మా దగ్గర ఒకడు బస్సు మిస్సయ్యాడు.

నయీంనగర్ రూమ్మేట్:

ఓపెన్‌టీటీడీ వేశా అన్నా. మీరు చెప్పిన సైజే, వైఫై కూడా గౌరవంగా దింపింది. ఫ్యాన్ చప్పుడు లేదు. పెన్‌డ్రైవ్‌లో వేసి రూమ్‌లో అందరికీ ఇచ్చా. మెస్ డబ్బులు పోగొట్టినవాడు అప్పు తీసుకుని విమానాలు కొని మొదటి ఏడాదే దివాలా తీశాడు.

నాకు ఒక డౌట్. బొగ్గు గనికి ఒక బండి పెట్టా, సగం సగం నిండి పోతోంది. గని దగ్గర బొగ్గు పేరుకోవడం లేదు. పట్టా ఒక్కటే, సిగ్నళ్లు ఇంకా పెట్టలేదు. రెండో బండి కొంటే ఎదురెదురుగా వచ్చి నిలబడిపోతాయని భయంగా ఉంది. ఎట్లా చేయాలి?

కాజీపేట లూప్‌లైన్:

ముందు బండి ఆర్డర్ల విండో తెరిచి, గని స్టేషన్ లైన్ మీద 'ఫుల్ లోడ్' పెట్టు. స్టేషన్‌లో ఎప్పుడూ ఒక బండి నింపుకుంటూ ఉంటే ఆ స్టేషన్ రేటింగ్ పెరుగుతుంది, రేటింగ్ పెరిగితే గని నీకు ఇచ్చే వాటా పెరుగుతుంది. బొగ్గు పేరుకోకపోవడానికి కారణం అదే.

రెండో బండికి ముందు గని దగ్గర రెండు ప్లాట్‌ఫారాలు, పవర్ స్టేషన్ దగ్గర రెండు వేయి. ప్రతి ప్లాట్‌ఫారం బయట పాత్ సిగ్నల్, ముఖం ప్లాట్‌ఫారం వైపు, అంటే బయలుదేరే బండికి ఎదురుగా కనబడాలి. మధ్యలో ఒంటి పట్టా మీద మాత్రం ఒక్క సిగ్నల్ కూడా పెట్టకు. అప్పుడు ఒక బండి ఆ పట్టా మొత్తం రిజర్వు చేసుకుని దాటేదాకా రెండోది ప్లాట్‌ఫారంలోనే ఆగుతుంది. మూడో బండి కొనాలనిపిస్తే, సగం దారిలో ఒక లూప్‌లైన్, అంటే పక్కనే విడిపోయి మళ్లీ కలిసే ఇంకో పట్టా వేయి. రెండు పట్టాలూ బండి పొడవు కంటే ఎక్కువ ఉండాలి, ఒక్కోదాని చివర ఒక్కో సిగ్నల్, ఒకటి పోయేవాటికి, ఒకటి వచ్చేవాటికి. వన్-వే పాత్ సిగ్నల్ అని ఉంటుంది, అదే వాడు.

వేశాక స్క్రీన్‌షాట్ పెట్టు. నాన్నకు చూపిస్తా.